అమరుడు కాకముందు అతనెవరు?

2025 మే 9న జమ్మూకశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మురళీ నాయక్ చనిపోయాడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు. ఆ వారం నా ఫోన్ నిండా అతని మీద కవితలే. ఓ ఇరవై చదివుంటాను. అన్నిట్లోనూ భారతమాత ముద్దుబిడ్డ, నెత్తుటి తిలకం, మువ్వన్నెల జెండా. చదువుతుంటే ఓ పాడు ఆలోచన వచ్చింది: మురళి పేరు తీసేసి ఇంకొకరి పేరు పెడితే తేడా తెలుస్తుందా? తెలీదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో అవి టెంప్లేట్లు.

రాసినవాళ్ల బాధ అబద్ధమనను. కానీ ఆ కుర్రాడి గురించి కవితల కంటే వార్తలే ఎక్కువ చెప్పాయి. అమ్మానాన్నలు ముంబైలో కూలి పనులు చేసుకుని బతికారు. ఒక్కడే కొడుకు. 2022లో అగ్నివీర్‌గా చేరాడు. అంటే నాలుగేళ్ల కొలువు. తర్వాత నూటికి పాతికమందికి మించి ఉంచుకోరు. మామూలు సైనికుడు పోతే ఇంటికొచ్చే పెన్షన్ అగ్నివీర్ ఇంటికి రాదు. నేను చదివిన ఏ కవితా వీటి జోలికెళ్లలేదు. 'త్యాగం' అన్న మాట దగ్గరే అన్నీ ఆగిపోయాయి.

అప్పుడు దేవరకొండ బాలగంగాధర తిలక్ 'సైనికుడి ఉత్తరం' మళ్లీ తీశాను. తిలక్ 1966లో పోయాడు, ఆ కవిత ఉన్న 'అమృతం కురిసిన రాత్రి' 1968లో వచ్చింది. తిలక్ సైన్యంలో పనిచేసినవాడు కాదు. అయినా ఆ కవిత ఇప్పటికీ పట్టుకుంటుంది. ఎందుకంటే అందులో సైనికుడు బతికున్నాడు, అర్ధరాత్రి మేలుకొని ఉన్నాడు, భయపడుతున్నాడు. ఉత్తరం అనే రూపం ఇచ్చిన సౌలభ్యం అది. సభలో భయమని చెప్పలేం, ఇంటికి రాసే ఉత్తరంలో చెప్పుకోవచ్చు. మన స్మృతి కవితల్లో సైనికుడికి ఆ చనువు దొరకదు. చనిపోయాకే అతను కవితలోకొస్తాడు, అదీ విగ్రహంగా.

సినిమాల్లో 'కంచె' (2015) ఒక్కటి కాస్త ముందుకెళ్లింది. రెండో ప్రపంచయుద్ధాన్నీ ఊళ్లోని కులం కంచెనీ పక్కపక్కన పెట్టిన క్రిష్ ధైర్యం నాకిష్టం. కానీ హరిబాబు మద్రాసులో చదివినవాడు, కెప్టెన్. అతని కథ ప్రేమ చుట్టూ తిరుగుతుంది. జీతం కోసం చేరిన సిపాయి మాత్రం ఫ్రేమ్ అంచునే ఉండిపోయాడు.

ఆ సిపాయి నాకు తెలుసు. మాది భోగాపురం. ఇప్పుడంటే ఎయిర్‌పోర్ట్ పేరు చెప్తే గుర్తుపడతారు గానీ, మా చిన్నప్పుడు తెల్లారగట్ల నాలుగింటికి హైవే పక్కన పరిగెత్తే గుంటలే ఊరికి గుర్తు. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో కొట్టాలి. ఊపిరి పీలిస్తే ఛాతీ అయిదు సెంటీమీటర్లు పెరగాలి. నాది పెరగలేదు, ఇంజనీరింగ్‌లో చేరాను. నాతో పరిగెత్తినవాడిది పెరిగింది. "ఏట్రా, దేశం కోసమేనా?" అని అప్పట్లో ఏడిపిస్తే, "ముందు సెల్లి పెళ్లవ్వాలి కదరా" అన్నాడు. దేశభక్తి లేదని కాదు. వాడి వరసలో అది రెండోది, అంతే.

మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన భారత సిపాయిలని ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద పేర్లతో చెక్కలేదు. అధికారుల పేర్లు రాసి, మిగతావాళ్లని అంకెల్లో చూపించారు. 2021లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ తన నివేదికలో ఇలాంటి వివక్షని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. మన కవితలు పేరైతే రాస్తున్నాయి. పేరు వెనక మనిషిని మాత్రం అంకెగానే ఉంచుతున్నాయి.

ఆ మే నెలలో మావాడికి పెట్టిన మెసేజ్‌కి రెండు రోజులు ఒక్క టిక్కే. మూడోరోజు "బానే ఉన్నాన్రా, అమ్మకి సెప్పు" అని వచ్చింది. భయమేసిందో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు. వాడు అది చెప్పుకోగలిగే కథ ఎవరైనా తెలుగులో రాస్తే చదవాలనుంది. ముఖ్యంగా, వాడు బతికుండగానే.