ఒక్కరేనా?

ఓడెక్కి అమెరికా వెళతానంటే మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఒక్కదాన్నే వెళతాననేసరికి మాత్రం తలా ఒక సందేహం బయల్దేరింది. "విమానాలు లేవా వదినా?" అన్నాడు మా మరిది. "నడిసముద్రంలో జ్వరం వస్తే?" అన్నాడు మా అబ్బాయి. మా ఆయన ఏమీ అనలేదు గానీ రెండు రోజులు ఒకే పేపరు చదివారు. అసలు ప్రశ్న అడిగింది మా అత్తగారొక్కరే.

"ఒక్కదానివేనా?"

ఆ ప్రశ్న ఆ పూట మొదలుపెట్టి న్యూయార్కు రేవు దాకా నన్ను వదల్లేదు.

ఇంతకీ సంగతేమిటంటే, ఇంగ్లండులో సౌతాంప్టన్ నుంచి న్యూయార్కుకి ఏడు రాత్రుల ఓడ ప్రయాణం. ఆ వారమంతా ఓడ మీద సాహిత్యమే. పొద్దున్న రచయితల ఉపన్యాసాలు, మధ్యాహ్నం పుస్తక చర్చలు, సాయంత్రం పుస్తకాల మీద సంతకాలు. దిగిన తర్వాత న్యూజెర్సీలో మా అక్క ఇల్లు. లండన్ దాకా విమానం ఎలాగూ తప్పదనుకోండి. ఇరవై ఏళ్ళుగా ఇంటిల్లిపాదికీ కాఫీలిచ్చి, మిగిలిన టైములో నవలలు రాసినదాన్ని. ఒక్క వారం ఎవరికీ ఏమీ వండకుండా, ఎవరో రాసిన నవలలు చదువుకోవాలనుకోవడం అత్యాశంటారా?

టిక్కెట్టు దగ్గరే మొదటి పాఠం నేర్చుకున్నాను. ఓడల్లో గదికి ఇద్దరని లెక్క. ఒక్కరే దిగితే, రాని ఆ రెండో మనిషి తాలూకు డబ్బు కూడా, ఒక్కోచోట పూర్తిగా, వచ్చిన మనిషే కట్టుకోవాలి. ఈ మాట వినగానే మా అత్తగారి మొహం విప్పారింది. "ఎటూ ఇద్దరి డబ్బూ కడుతున్నావు గదమ్మా! అబ్బాయిని కూడా తీసుకుపో. ఊరికే పోగొట్టుకోవడం దేనికి?" అన్నారు. బి.ఏ.లో లాజిక్ చదివినదాన్ని నేను. ఆవిడ చదవలేదు. అయినా నా దగ్గర జవాబు లేదు.

ఓడలవాళ్ళు ఒంటరివాళ్ళ సంగతి అసలు తలపెట్టలేదని కాదు. 2010లో బయల్దేరిన నార్వీజియన్ ఎపిక్ అనే ఓడలో ఒక్కరికి సరిపోయే గదులు 128 కట్టారు. 2016లో క్వీన్ మేరీ 2 ని బాగుచేసినప్పుడు ఒంటరి ప్రయాణికుల కోసమని 15 గదులు పెట్టారు. రెండున్నర వేలమంది పైగా పట్టే ఓడలో పదిహేను! నాకు దొరికింది మాత్రం ఇద్దరి గదే. రెండు తలగడలు, రెండు తువ్వాళ్ళు, రెండు కప్పులు. రాత్రిళ్ళు గది సర్దే కుర్రాడు రెండో తలగడ మీద కూడా ఒక చాక్లెట్టు పెట్టి వెళ్ళేవాడు. డబ్బు కట్టాను గదా అని రెండూ నేనే తిన్నాను.

పెట్టెలో మూడు నవలలు పెట్టుకున్నాను. మూడూ ఓడ నవలలే. మూడూ ఆడవాళ్ళు రాసినవే. ఓడ మీద కూచుని ఓడ నవలలు చదవడం పెళ్ళిపందిట్లో కూచుని శుభలేఖ చదువుకోవడం లాంటిదని మా ఆయన వేళాకోళం చేశారు. చేస్తే చేశారు. ఇంట్లో కుర్చీలో కూచుని చదివినప్పుడు కనపడనిది అక్కడ కనపడింది.

మొదటిది అగాథా క్రిస్టీ 1924లో రాసిన 'ద మాన్ ఇన్ ద బ్రౌన్ సూట్'. తండ్రి పోయి, అప్పులన్నీ తీరగా మిగిలిన 87 పౌండ్ల చిల్లరతో ఆన్ అనే పిల్ల లోకంలో నిలబడుతుంది. ఒక కాగితమ్ముక్క మీద ఓడ పేరు కనిపిస్తే, ఉన్న డబ్బంతా పెట్టి మొదటి తరగతి టిక్కెట్టు కొనుక్కుని ఒంటరిగా కేప్‌టౌన్ బయల్దేరుతుంది. ఎంత గుండె! ఆ టిక్కెట్టు కొన్న పేజీ చదువుతుంటే లేచి చప్పట్లు కొడదామనిపించింది. కానీ కథానాయకుడు రంగంలోకి దిగిన దగ్గర్నుంచీ ఆ పిల్ల తెలివి రోజుకింత తగ్గుతూ వస్తుంది. చివరికి పెళ్ళి, బిడ్డ, శుభం.

రెండోది వర్జీనియా ఉల్ఫ్ తొలి నవల 'ద వాయేజ్ అవుట్'. 1915 నాటిది. రేచల్ అనే ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి తండ్రి ఓడలో దక్షిణ అమెరికా వెళుతుంది. ఈమె పూర్తిగా ఒంటరి కాదు, అత్త తోడుంది. అయినా నవల మొత్తంలో నాకు నచ్చిన ఘట్టం, ఓడలో తన గదిలో తలుపేసుకుని ఆ అమ్మాయి పియానో వాయించుకునే ఘట్టమే. ఆ సుఖం ఎంతసేపు? పెళ్ళాంతో కలిసి ఓడెక్కిన ఒక పెద్దమనిషి తుఫాను రోజున ముద్దు పెట్టుకోనే పెట్టుకుంటాడు. ఒడ్డు చేరాక మరొకతనితో పెళ్ళి నిశ్చయమవుతుంది. పెళ్ళి కాకుండానే జ్వరం వచ్చి చచ్చిపోతుంది. ఆ పిల్లని పెళ్ళి చేసి దించడానికి ఉల్ఫ్‌కి మనసొప్పలేదు. ఊరికే దించడానికి దారి తోచలేదు. క్రిస్టీ కంటె ఉల్ఫ్ నిజాయితీపరురాలని నేనంటాను. కాని ఆ నిజాయితీకి ప్రాణం పెట్టినది మాత్రం రేచల్.

మూడోది కేథరిన్ ఆన్ పోర్టర్ 1962లో అచ్చువేసిన 'షిప్ ఆఫ్ ఫూల్స్'. 1931లో ఆవిడ స్వయంగా మెక్సికో నుంచి జర్మనీకి ఓడలో వెళ్ళింది. అది నవలగా రావడానికి ముప్ఫయ్యేళ్ళు పట్టింది. ఇందులో మిసెస్ ట్రెడ్‌వెల్ అని విడాకులైన అమెరికా ఆవిడ ఉంది. నాలాగే నలభైల్లో ఉంది, నాలాగే ఒక్కతే ఎక్కింది. చదువుకున్నది, నాజూకైనది, ఎవరి జోలికీ పోనిది. ఓడ మీద వేడుక జరిగిన రాత్రి మొహానికి విపరీతంగా రంగులు పూసుకుని కూచుంటుంది. తాగొచ్చి మీద పడబోయిన తోటి ప్రయాణికుణ్ణి చెప్పు మడమతో మొహమంతా కొడుతుంది. 1965లో సినిమా తీస్తే ఆ వేషం వివియన్ లీ వేసింది. ఆమెకదే ఆఖరి సినిమా. మూడింటిలోనూ ఇదే గొప్ప నవల, సందేహం లేదు. ఓడలో ఎక్కిన ప్రతి మనిషి కుత్సితమూ పోర్టర్‌కి తెలుసు. కానీ ఒంటరి ఆడది అనేసరికి ఆవిడ కలం కూడా గడ్డకట్టింది.

మగవాళ్ళు రాస్తే సరిపెట్టుకుందును. ముగ్గురూ ఆడవాళ్ళే! ఒకరు పెళ్ళి చేశారు, ఒకరు చంపారు, ఒకరు మనసు ఎండగట్టారు. ఎక్కినదాన్ని ఎక్కినట్టు దించిన వాళ్ళు లేరు. మెల్విల్ 1851లో 'మోబీ డిక్'లో ఇష్మాయేల్‌ని ఒంటరిగా బయల్దేరదీస్తే ఏ పాఠకుడూ "ఒక్కడేనా?" అని అడగలేదు. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ అనే అమెరికా రచయిత విహారనౌకలో ఏడు రాత్రులు ఒంటరిగా గడిపి, 1996లో పెద్ద వ్యాసం రాసి లోకాన్ని నవ్వించాడు. అతని పక్క కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందని ఎవరూ బెంగపెట్టుకోలేదు.

ఓడ మీద మూడోరోజున ఒక డిటెక్టివ్ నవలాకారుడు మాట్లాడాడు. హత్యకి ఓడను మించిన చోటు లేదన్నాడు. బయటివాళ్ళు లోపలికి రాలేరు, లోపలివాళ్ళు పారిపోలేరు, కథ ఎన్నాళ్ళలో ముగియాలో టైంటేబుల్లోనే ఉంటుంది. "మొట్టమొదట చావవలసింది డబ్బున్న ఒంటరి స్త్రీ" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ హాల్లో సగానికి పైగా ఆడవాళ్ళు, అందులో చాలామంది నాలాగే పక్క కుర్చీలో సంచీ పెట్టుకున్నవాళ్ళు. మేమూ నవ్వాం. బయటికొచ్చాక నాకు నవ్వినందుకు సిగ్గేసింది.

ఓడ పడమరకి వెళుతుంటే ఒక వింత జరుగుతుంది. ఇంగ్లండుకీ న్యూయార్కుకీ అయిదు గంటల తేడా. ఆ తేడా సర్దడానికి అయిదు రాత్రులు గడియారం గంటేసి వెనక్కి తిప్పుతారు. అంటే ఆ రోజులకి 25 గంటలు! ఇరవైనాలుగు గంటలూ చాలక ఏడ్చే ఆడదానికి ఇంతకంటె వరం ఏముంది? మొదటి గంట, ఇంట్లో గ్యాసు బండ వచ్చిందో లేదో అన్న చింతతో గడిచింది. రెండో గంట వాంతులతో గడిచింది. (క్రిస్టీకి కూడా 1922లో దక్షిణాఫ్రికా వెళుతుంటే ఇదే అవస్థ. ఈ ఒక్క విషయంలో నేనావిడకి సాటి.) మూడో గంట నుంచి చదివాను. మధ్యలో ఎవరూ పిలవకుండా ఒక అధ్యాయం మొదలుపెట్టి ముగించడం నా పెళ్ళయాక అదే మొదటిసారి. ఇలా అంటే మా వాళ్ళు నొచ్చుకుంటారని తెలుసు. అయినా రాస్తున్నాను.

భోజనాల దగ్గర ఒంటరివాళ్ళందర్నీ ఒకే బల్ల దగ్గర చేర్చారు. నా పక్కన ఒక ఇంగ్లీషు పెద్దావిడ. డెబ్బయి అయిదు దాటి ఉంటాయి. పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయిందట. నేను నవలలు రాస్తానని తెలిసి, ఓడ మీద ఏమైనా రాశారా అని అడిగింది. రాయకేం! నా మొదటి సీరియల్ ఓడ మీదే నడిచింది. ఉత్సాహంగా కథ చెప్పుకొచ్చాను. విశాఖపట్నంలో లెక్చరరు అమ్మాయి ఒక్కతే, చేతిలో ఒక పుస్తకంతో, పోర్ట్‌బ్లెయిర్ ఓడ ఎక్కుతుంది. మూడో వారానికి హీరో తగులుతాడు. రెండు మూడు రోజుల ప్రయాణాన్ని ఇరవై వారాలు నడిపించాను. ఓడ ఒడ్డు చేరేసరికి నిశ్చితార్థం.

పెద్దావిడ అంతా విని, "ఆ పుస్తకం ఏమిటి? చదవడం పూర్తిచేసిందా?" అని అడిగింది.

నాకు తెలియలేదు. ఆ పుస్తకం పేరేమిటో నేనే ఎప్పుడూ అనుకోలేదు. హీరో కనిపించగానే ఆ పిల్ల దాన్ని కుర్చీ మీద పెట్టి లేచింది. ఇరవై వారాల్లో మళ్ళీ దాని ఊసు లేదు. అప్పట్లో నాకు బస్తాడు ఉత్తరాలొచ్చాయి. పెళ్ళి ఎప్పుడని అడిగారు, హీరో కళ్ళు ఏ రంగని అడిగారు. పుస్తకం సంగతి ఒక్కరూ అడగలేదు. అడగాలని వాళ్ళకి తోచకుండా రాసింది నేనే.

ఆ రాత్రి ఆ ముగ్గురు రచయిత్రుల మీద నాకు కోపం పోయింది. కథలో ఖాళీ కుర్చీ ఉంటే నవల రాసేవాళ్ళకి నిద్ర పట్టదు. ఎవరినో ఒకరిని కూచోబెట్టాలి, లేకపోతే కుర్చీ ముక్కలు చేయాలి. ఏడు రోజులు చదువుకుని క్షేమంగా దిగిపోయిందంటే ఏ సంపాదకుడు వేసుకుంటాడు? కానీ ఏడు రోజుల్లో నాకేమీ జరగలేదా? జరిగింది. నలభై ఏళ్ళు దాటాక నా కడుపుకి నేను ఎప్పుడు తినాలో తేల్చుకోవడం జరిగింది. అది రాయడం నాకు ఇంతవరకూ చేతకాలేదు, అంతే.

చేతనైన వాళ్ళు ఉన్నారు. నెల్లీ బ్లై అనే పత్రికా విలేకరి 1889లో న్యూయార్కు పక్కనున్న హోబోకెన్ రేవులో ఒక్క చేతిసంచీతో ఓడెక్కింది. ఆడదానికి తోడు కావాలి, పెట్టెలు పెట్టెలు సామాను కావాలి అన్నారు ఆఫీసువాళ్ళు. ఆవిడ సౌతాంప్టన్‌లో దిగి, ప్రపంచమంతా 72 రోజుల్లో చుట్టి వచ్చింది. నేను వెళ్ళిన దారే, ఎదురుదిక్కు. అంతకుముందే మన పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు వెళ్ళొచ్చి, చూసిందంతా తెలుగు పత్రికలో రాసి, 1876లో మద్రాసులో ఇంగ్లీషు పుస్తకంగా కూడా వేయించింది. వీళ్ళు కథ చివర చావలేదు, ఎవరికీ ముడిపడలేదు. కారణం చిన్నది. తమ ప్రయాణం తామే రాసుకున్నారు. క్రిస్టీ సంగతే చూడండి. 1928లో విడాకులయ్యాక ఆవిడ ఒక్కతే రైలెక్కి బాగ్దాద్ దారి పట్టింది. తన హీరోయిన్‌కి ఇవ్వని స్వేచ్ఛ తను తీసుకుంది. (1930లో మళ్ళీ వెళ్ళినప్పుడు మాక్స్ మాలొవాన్ పరిచయమై, ఆ ఏడే పెళ్ళి చేసుకుందనుకోండి. అదీ ఆవిడ ఇష్టమే.)

ఏడో రాత్రి గడిచి తెల్లవారుజామున ఓడ వెరజానో వంతెన కింద నుంచి న్యూయార్కు చేరింది. అందరం చలిలో డెక్కు మీద నిలబడ్డాం. పెద్దావిడ నా చెయ్యి నొక్కి, "ఆ పుస్తకం!" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

రేవులో మా అక్క నన్ను చూసింది, నా వెనక చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "ఏమే, నిజంగా ఒక్కదానివే వచ్చావా?" అంది.

"ఒక్కదాన్నే. ఇద్దరి డబ్బు కట్టాను" అన్నాను.

ఆ పాత నవల మళ్ళీ వేస్తామని ఒక ప్రచురణకర్త అడుగుతున్నారు. హీరోని తీసెయ్యను, పాపం, మంచివాడే. పెళ్ళి కూడా ఉంచుతాను. కానీ ఒడ్డు చేరేలోగా ఆ పిల్ల చేత పుస్తకం పూర్తి చేయించాలి. ఏ పుస్తకమన్నదే ఇంకా తేలలేదు. మీకేదైనా తోస్తే ఒక కార్డు ముక్క రాసి పడేయండి.