గ్యాలరీలో సెకండ్ షో

ముంబైలో తెలుగువాళ్లుండే చాల్‌లో సినిమా చూసొచ్చినవాడు ముందు తీర్పు చెప్పాలి, కథ తర్వాత. "ఎట్లుందిరా పిక్చర్?" అని మెట్ల మీదే ఆపి అడుగుతారు. జవాబు ఒక్క ముక్కలో రావాలి. "పైసా వసూల్", "టైంపాస్", "ఒక్కపారి సూడొచ్చు", "మంచిగ నిద్రవట్టింది". ఈ చివరిదాని మీద అప్పీలుండదు. తీర్పు అయ్యాకే స్టూలు జరుపుతారు, చాయ్ వస్తుంది, కథ మొదలవుతుంది.

ముంబైలోని కామాటిపురాకు ఆ పేరు ఇచ్చింది నిజాం ఇలాకా నుంచి కట్టడం పనులకు వచ్చిన కామాటీలు. తర్వాత బట్టల మిల్లుల కోసం వచ్చిన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ వైపు సర్దుకున్నారు. నిద్రకూ వంటకూ ఒకే ఖోలీ కాబట్టి మాట్లాడుకోవడానికి మిగిలింది బయటి గ్యాలరీయే. సినిమా హాళ్లకు కరువు లేదు. పీలా హౌస్ దగ్గర ఆల్ఫ్రెడ్, న్యూ రోషన్ వంటి టాకీసులు కామాటిపురా గల్లీల నుంచి నడిచి వెళ్లేంత దూరమే. అసలు తెలుగు టాకీ పుట్టిందే ఈ ఊళ్లో. హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద'ను ఇక్కడే తీశారు. అది మొదట విడుదలైంది కూడా 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమా హాల్లోనే. అంటే తెలుగు బొమ్మ మీద మొట్టమొదట పెదవి విరిచినవాడో, మెచ్చుకున్నవాడో బొంబాయి తెలుగోడే అయ్యుంటాడు. వాడేమన్నాడో ఎవరూ రాసిపెట్టలేదు గానీ, అంతకంటే ఆసక్తికరమైన సినిమా సమీక్ష నాకు మరొకటి తోచదు.

ఇక చెప్పే పద్ధతి. ఒగ్గు కథ విన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కదా, చెప్పేవాడి పక్కన ఊ కొట్టేవాడు తప్పనిసరి. "అవ్ మల్ల", "గట్లనా", "గప్పుడేమాయె" అంటూ వాడు తోస్తుంటేనే కథ నడుస్తుంది. ఫైట్లను "ఇగ కొట్టిండు కొట్టిండు" అని ఒక్క ఊపులో దాటేస్తారు. అత్తాకోడళ్ల మాటలు, అన్నదమ్ముల పంపకాలు వచ్చాయా, గొంతులు మారతాయి, చేతులు లేస్తాయి. ఇంటర్వెల్ దగ్గర మాత్రం కథ ఆగాలి. "ఎవరన్న సూసేటోళ్లున్నరా?" అని అడగాలి. ఒక్కరు చెయ్యెత్తినా సెకండాఫ్ బంద్. టికెట్ పైసలు వాళ్లవి, ఆ సస్పెన్స్ కూడా వాళ్లదే.

ఈ ముచ్చట్లలో నాకు బాగా నచ్చేది, ఎవరి చేతి పనితో వాళ్లు సినిమాను తూచడం. నేత కార్మికుడు చింతకింది మల్లేశం జీవితం మీద 2019లో 'మల్లేశం' వచ్చింది. ఒక్క చీరకు దారం ఆసు పోయాలంటే చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి పడే ఆ బాధ చూడలేకే ఆయన ఆసు యంత్రం చేశాడు. నల్లగొండ దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ ఈ సినిమా గురించి హీరో ఊసే ఎత్తలేదు. కుడి చెయ్యి చాపి, పిన్నుల వరస మీద దారం తిప్పినట్టు నాలుగుసార్లు తిప్పి, భుజం పట్టుకుని, "గీ నొప్పి ఆ పిల్లగానికి ఎర్కైంది" అంది. నటన గురించి అంతకన్నా ఏం చెప్పాలి?

2022లో వచ్చిన 'గంగూబాయి కాఠియావాడి'కి మాత్రం గ్యాలరీలో చివాట్లు పడ్డాయి. సంజయ్ లీలా భన్సాలీ కామాటిపురాను గోరేగావ్ ఫిల్మ్ సిటీలో సెట్ వేయించుకున్నాడు. గోడల పని చేసి రిటైరైన పెద్దాయన ఒకరు, "సెట్ మంచిగుంది బిడ్డా, గల్లీ గింత వెడల్పు ఎన్నడుండె?" అన్నాడు. విడుదలకు ముందే పేటను బద్నాం చేస్తున్నారని స్థానికులు అభ్యంతరం చెప్పారు కూడా. ఆలియా భట్ బాగా చేసిందని నేనంటాను. అయితే ఈ గల్లీలు కట్టిన మనిషి తెర మీద ఎక్కడని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రెండు భాషల్లో చూడటం వీళ్లకున్న ఇంకో సదుపాయం. 'పోకిరి' చూసి 'వాంటెడ్' చూస్తారు, 'విక్రమార్కుడు' చూసి 'రౌడీ రాథోడ్' చూస్తారు. 'పుష్ప 2' హిందీలో తెలుగును మించి వసూలు చేసింది. హిందీ డబ్బింగ్ చెప్పిన శ్రేయస్ తల్పడే గొంతుకు వంక పెట్టలేం. అయినా అల్లు అర్జున్ చిత్తూరు యాసలోని ఆ ఎకసెక్కెం హిందీలో పోయిందని ఇక్కడి పదో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. సినిమా నిడివి మాత్రం రెండు భాషల్లోనూ ఎక్కువే.

చావింటి కథ 'బలగం' దగ్గర గ్యాలరీ రెండుగా చీలింది. "ఏడిపియ్యనీకే తీసిండు" అని కుర్రాళ్లు. పెద్దవాళ్లు ఒప్పుకోరు. తమ్ముడి చావుకు బండి దొరక్క పెద్దకర్మ నాటికి ఊరు చేరినవాళ్లకు, పిండం పిట్ట ముట్టకపోతే ఎలా ఉంటుందో తెలుసు. చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే సినిమా సినిమాగా మిగలదు. నేను పెద్దల పక్షమే, మధ్యలో కొంత కామెడీ తీసేయాల్సిందన్న షరతుతో.

పత్రికలో స్టార్లు ఇచ్చేవాడికి లేని జవాబుదారీ ఇక్కడుంది. నీ మాట నమ్మి ఇంటిల్లిపాదీ మల్టీప్లెక్సుకు పోయి పాప్‌కార్న్‌తో సహా నష్టపోతే, పొద్దున్నే నల్లా దగ్గర నువ్వే దొరుకుతావు. అలాగని లోపాలు లేకపోలేదు. అభిమాన హీరో బొమ్మైతే తీర్పు హాల్లోకి పోకముందే అయిపోతుంది. ఆడవాళ్ల మాట అంట్లు తోమాక గానీ వినపడదు, తీరా వింటే అదే సరైన మాటై ఉంటుంది.

వర్లీ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలీలు పోయి 500 అడుగుల ఫ్లాట్లు వస్తున్నాయి. 2025 ఆగస్టులో మొదటి విడత తాళాలు చేతికొచ్చాయి. ఇల్లు ఇల్లులా ఉండటం ఎవరికి చేదు? అయితే గ్యాలరీ పోవడంతో ముచ్చట ఇప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లోకి ఎక్కింది. అందులో మాత్రం మొదటి నిమిషంలోనే క్లైమాక్స్ చెప్పేస్తున్నారు. ఇంటర్వెల్ దగ్గర ఆపి ఎవరన్న సూసేటోళ్లున్నరా అని అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు మరి.