నిర్మించని విమానానికి నమూనా: జిగురుతో సరిపోతుందా?

ప్లాస్టిక్ కిట్ల భాగాలను జిగురుతో అతికించి, రంగులు వేసి, విమాన నమూనాలు తయారుచేసే అభిరుచి బ్రిటన్, అమెరికా, జపానులలో చాలా పాతది. అందులో ఒక విచిత్రమైన శాఖ ఉంది. కాగితం మీదే ఆగిపోయిన విమానాలకు నమూనాలు చేయడం! వీటికి కిట్లు దొరకవు కనుక రెండు మూడు కిట్లను కోసి ఒకటిగా కలపాలి. శాస్త్ర దృష్టితో చూస్తే ఈ పని ఎంతవరకు నిలుస్తుంది? ఒక ఉదాహరణ తీసుకుందాం.

అమెరికాకు చెందిన డగ్లస్ కంపెనీ విమానం డీసీ-7సీ 1956లో సర్వీసులోకి వచ్చింది. దానికి 3,400 హార్స్‌పవర్ గల రైట్ పిస్టన్ ఇంజన్లు నాలుగు. వాటి స్థానంలో రోల్స్ రాయిస్ వారి టైన్ టర్బోప్రాప్ ఇంజన్లు పెట్టి డీసీ-7డీ తయారుచేయాలన్నది ప్రతిపాదన. (టర్బోప్రాప్ అంటే గ్యాస్ టర్బైను ప్రొపెల్లరును తిప్పే ఇంజను. 1957లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ప్రవేశపెట్టిన వైకౌంట్, నేడు రాజమండ్రికి వచ్చే ఏటీఆర్-72 ఈ కోవలోవే.) కాని 1955 అక్టోబరులో పాన్ అమెరికన్ సంస్థ 20 బోయింగ్ 707లకు, 25 డీసీ-8లకు ఆర్డరిచ్చింది. జెట్ల వెల్లువలో డీసీ-7డీ కాగితం మీదే ఉండిపోయింది.

నమూనా చేసేవారికి ఇది తేలిక పనిగా తోస్తుంది. 1/144 స్కేలులో రోడెన్ వారి డీసీ-7సీ కిట్ ఉంది. అదే స్కేలులో ఎయిర్‌ఫిక్స్ వారి వికర్స్ వాన్‌గార్డ్ ఉంది. వాన్‌గార్డ్ ఇంజన్లు కూడా టైన్‌లే. కనుక దీని ఇంజను తొడుగులు కోసి దాని రెక్కకు అతికిస్తే సరి! చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే వాన్‌గార్డ్ తొడుగు పొడవు వాన్‌గార్డ్ రెక్కకు సరిపోయిన పొడవు. అది డీసీ-7కు కూడా సరిపోతుందని ఎవరు చెప్పారు?

పాత పిస్టన్ ఇంజను బరువు సుమారు 1,600 కి.గ్రా. టైన్ బరువు సుమారు 1,000 కి.గ్రా. నాలుగింటికీ కలిపి తేడా 2,400 కి.గ్రా. ఇంజన్లు రెక్కకు ముందు ఉంటాయి కనుక అక్కడ బరువు తగ్గితే విమానం గరిమనాభి వెనక్కు జరుగుతుంది. త్రాసు సూత్రం మీకు తెలిసిందే, బరువును దూరంతో గుణించాలి. గరిమనాభికి 3 మీటర్ల ముందున్న ఇంజను అనుకుంటే, పాత భ్రామకం నిలవడానికి కొత్త ఇంజను 4.8 మీటర్ల ముందుండాలి. అంటే 1.8 మీటర్లు ముందుకు, నమూనాలో పన్నెండున్నర మిల్లీమీటర్లు. ముక్కులో బరువు వేయవచ్చుగా అంటారేమో. వేస్తే తేలిక ఇంజను పెట్టిన లాభంలో కొంత పోయినట్లే.

సరే, తొడుగు పొడిగించామనుకుందాం. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. లాక్‌హీడ్ ఎలెక్ట్రా అనే టర్బోప్రాప్ విమానాలు 1959 సెప్టెంబరు 29న టెక్సస్‌లో, 1960 మార్చి 17న ఇండియానాలో గాలిలోనే రెక్క ఊడి కూలిపోయాయి. మొత్తం 97 మంది మరణించారు. ఇంజను బిగింపులో బిగువు చాలనప్పుడు, తిరిగే ప్రొపెల్లరు బొంగరం తల ఊపినట్లు ఊగింది. ఆ ఊపు రెక్క కంపనంతో కలిసి రెక్కనే విరిచేసింది. తరువాత బిగింపులనూ రెక్కనూ గట్టిపరిచారు. ముందుకు పొడుచుకువచ్చిన ఇంజనుకు ఈ బిగువు ఎంత అవసరమో ఊహించండి. ప్లాస్టిక్ నమూనాలో ఇదేమీ కనిపించదు. జిగురుకు అన్ని రెక్కలూ ఒకటే.

తోక సంగతి కూడా చూడాలి. డీసీ-7సీలో రెక్కల మొదళ్లను చెరో 5 అడుగులు పెంచినందువల్ల ఇంజన్లు అప్పటికే దూరం జరిగాయి. ఇప్పుడు శక్తి కూడా పెరిగితే, ఒక బయటి ఇంజను ఆగినప్పుడు విమానం మరింత బలంగా పక్కకు తిరుగుతుంది. కాన్వెయిర్ 340, 440లకు ఆలిసన్ టర్బోప్రాప్‌లు అమర్చి 580గా మార్చినప్పుడు తోకను పెద్దది చేయవలసి వచ్చింది. తోక ముట్టని డీసీ-7డీ నమూనాను నేనైతే సగం పనిగానే లెక్కిస్తాను.

ఇక రంగుల మోజు. కొననే కొనని విమాన సంస్థ రంగులు వేసి చరిత్రలా చూపడం నాకు నచ్చదు. డిజైనులో ఏది ఉందో, ఏది తయారుచేసినవారి ఊహో పక్కన చిన్న అట్ట మీద రాస్తే నమూనా విలువ పెరుగుతుంది.

కిట్లు ఖరీదైనవి. అయినా బరువు లెక్కకు కిట్ అక్కరలేదు. డీసీ-7సీ రెక్కల వ్యాప్తి 38.86 మీటర్లు, 1/144 స్కేలులో 27 సెం.మీ. ఆ కొలతకు గట్టి అట్టతో విమానం కత్తిరించి, ఇంజన్ల చోట 16 గ్రాముల బరువులు నాలుగు అతికించి, దారంతో సమంగా వేలాడదీయండి. తరువాత వాటి బదులు 10 గ్రాములవి పెట్టి, ఎంత ముందుకు జరిపితే ముక్కు మళ్లీ సమంగా నిలుస్తుందో స్కేలుతో కొలవండి.