నచ్చనిదీ అతనిదే

అమెరికన్ గాయకుడు సూఫ్యాన్ స్టీవెన్స్ ఆల్బమ్‌లలో నాకు ప్రాణమైనది ఒకటుంది, ఎంత విన్నా మనసుకెక్కనిది ఒకటుంది. రెంటికీ మధ్య ఐదేళ్లే తేడా. రెండూ అతని సొంత చిన్న కంపెనీ అస్థమాటిక్ కిటీ నుంచే వచ్చాయి. పెద్ద కంపెనీవాళ్లు పట్టుబట్టి ఏదో మార్పించి ఉంటారని సర్దిచెప్పుకునే వీల్లేదు. ఇండీ సంగీతంతో ఉన్న చిక్కే ఇది. నచ్చితే అతని చలవ, నచ్చకపోతే అతని నిర్ణయం. అందుకే నచ్చనప్పుడు సొంత మనిషి మీద కినుక వచ్చినట్టే ఉంటుంది.

నాకు అతన్ని దగ్గర చేసింది 2005 నాటి ‘ఇల్లినాయ్’. అందులో ‘కాసిమిర్ పులాస్కీ డే’ అనే పాట ఎముకల క్యాన్సర్‌తో పోయిన స్నేహితురాలి కథ. బాంజో మీటుకుంటూ, మన పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడతాడు. ఏడవాల్సిన చోటా గొంతు పెంచడు. మాటలు ఆగాక ట్రంపెట్ అందుకుంటుంది. నా కళ్లు చెమర్చేది అక్కడే.

2010లో ‘ది ఏజ్ ఆఫ్ ఆడ్స్’ వచ్చింది. మొదటి పాట నిండా మెత్తటి గొంతు, గిటారు. హమ్మయ్య అనుకునేలోపు రెండో పాట నుంచి సింథసైజర్లు ముంచెత్తుతాయి. ఆఖరి పాట ఒక్కటే 25 నిమిషాలు, అందులో గొంతుకి ఆటోట్యూన్ కూడా. అప్పట్లో అతను నరాల జబ్బుతో బాధపడ్డాడనీ, లూసియానా చిత్రకారుడు రాయల్ రాబర్ట్‌సన్ బొమ్మలు అతన్ని కదిలించాయనీ తెలుసు. తెలిసినా చెవి ఒప్పుకోదు. చప్పుడు ఎక్కువైందని కాదు నా బాధ. ‘ఇల్లినాయ్’లో మాత్రం వాయిద్యాలకు కొదవా? ట్రంపెట్లు, వయొలిన్లు, బృందగానం అన్నీ ఉన్నాయి. అవి గొంతుకి దారిచ్చేవి. ఇక్కడ ఊరేగింపు బ్యాండు మధ్య ఇరుక్కున్న మనిషి ఏదో చెప్పబోతున్నట్టుంటుంది. ఏం చెబుతున్నాడోనని నా ప్రాణం కొట్టుకుంటుంది.

సినిమా క్యాసెట్లతో పెరిగిన మనకి ఇలాంటి అలక కొత్త. ఆరు పాటల్లో రెండు నచ్చితే చాలు, మిగతావి తిప్పేసేవాళ్లం. ఒక మనిషి తానే రాసి, పాడి, వరస కూర్చిన పాటల్ని అలా తిప్పేయడానికి చెయ్యి రాదు.

ఇక 2015 నాటి ‘క్యారీ అండ్ లోవెల్’. క్యారీ అతని తల్లి. పసితనంలోనే వదిలి వెళ్లింది, 2012లో పోయింది. లోవెల్ మారుతండ్రి. ఈ ఆల్బమ్‌లో డ్రమ్స్ దాదాపు లేవు. కొంత భాగం ఒరెగాన్‌లోని ఓ హోటల్ గదిలో ఐఫోన్‌లో రికార్డు చేశాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే కొన్నిచోట్ల ఏసీ రొద సన్నగా తెలుస్తుంది. ‘జాన్ మై బిలవ్డ్’ చివర ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు, అంతే, పాట తెగిపోతుంది. మరొకరైతే శుభ్రంగా తుడిచేసేవాళ్లు. అతను ఉంచేశాడు. ఆ ఊపిరి దగ్గర నాకు పాటగాడు కాదు, తల్లి పోయిన కొడుకు కనిపిస్తాడు.

‘ఫోర్త్ ఆఫ్ జులై’లో ఆ తల్లీకొడుకులు మాట్లాడుకుంటారు. ఆమె అతన్ని పిట్టల పేర్లతో, పురుగుల పేర్లతో ముద్దుగా పిలుస్తుంది. మన ఇళ్లలో అమ్మలు బంగారం, చిలకా అన్నట్టే. తనని పెంచని తల్లి నోట ఆ ముద్దుమాటలు పెట్టాడే, అది వింటే గుండె పిండేసినట్టవుతుంది.

ఈ ఆల్బమ్‌కి పదేళ్లు నిండిన 2025లో, ఇదంటే తనకే సిగ్గుగా ఉందన్నాడు సూఫ్యాన్. తల్లి జీవితం గురించి చెప్పే అధికారం తనకెక్కడిదని అతని మథనం. ఆమె అతని తల్లి, కాదనడానికి నేనెవర్ని? కానీ అమ్మ పోయిన స్నేహితులకి ఏం చెప్పాలో తోచనప్పుడు నేను పంపేది ‘ఫోర్త్ ఆఫ్ జులై’నే. అతను వద్దన్నా ఇకముందూ పంపుతాను.