కోప్లండ్ సంగీతంలో జానపద బాణీలు

అమెరికన్ పల్లెసీమల గొంతుకగా లోకం గుర్తించిన సంగీతాన్ని రచించినవాడు నగరంలో పుట్టి నగరంలోనే పెరిగినవాడు. ఏరన్ కోప్లండ్ 1900లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో, వలస వచ్చిన యూదుల కుటుంబంలో జన్మించినాడు. 1921లో పారిస్ చేరి నాడియా బులాంజే వద్ద మూడేండ్లు శిష్యరికం చేసినాడు. 1930 నాటి ఆయన ‘పియానో వేరియేషన్స్’ రాతివలె కఠినమైన రచన. కూనిరాగం తీయుటకు అందులో ఏమియు దొరకదు. పిదప, నూతన సంగీతం శ్రోతలకు దూరమగుచున్నదన్న చింత ఆయనను జానపద బాణీల వైపు మరల్చినది. 1938 నాటి ‘బిల్లీ ది కిడ్’ బాలేలోని పశువుల కాపరుల పాటలు ఆయనకు పుస్తకాలలో దొరికినవే. ఆ రచన కొంత పారిస్‌లోనే సాగినది.

ఇది లోపమని నేననను. పాట చేతికి వచ్చిన పిమ్మట దానితో ఏమి చేసినాడో చూడవలె. ‘అపలేచియన్ స్ప్రింగ్’ (1944) ఇందుకు మేలైన నిదర్శనం. నర్తకి మార్తా గ్రాహం కొరకు పదమూడు వాద్యాలకు కూర్చిన ఈ రచనకు మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి లభించినది. దీనిలో నిజమైన పాత బాణీ ఒక్కటే: షేకర్లు అనే క్రైస్తవ భక్తసమాజంవారు పాడుకొన్న ‘సింపుల్ గిఫ్ట్స్’. మొదట అది క్లారినెట్టుపై, ఏ అలంకారమూ లేక, వినవచ్చును. తరువాత ఒకసారి నిదానించి, ఒకసారి పరుగెత్తి, వాద్యం నుండి వాద్యానికి చేతులు మారి, తుదకు బృందమంతా ఎలుగెత్తి పలుకును. అంతకు ముందు వచ్చిన కోప్లండ్ సొంత స్వరాలు కూడ ఈ బాణీకి చుట్టములేమో అనిపించును. ఎరవు తెచ్చుకొన్నవాడు ఇంతకన్న ఘనంగా తీర్చలేడు.

‘రోడియో’ (1942)లోని ‘హో-డౌన్’ సంగతి వేరు. దాని ప్రధాన బాణీ ‘బోనపార్ట్స్ రిట్రీట్’. 1937లో కెంటకీ రాష్ట్రంలో విలియం స్టెప్ అను ఆయన దానిని ఫిడేలుపై వాయించగా ఏలన్ లోమాక్స్ రికార్డు చేసినాడు. రూత్ క్రాఫర్డ్ సీగర్ దానిని స్వరలిపిలోనికి దించగా 1941లో ఒక సంకలనంలో అచ్చయినది. కోప్లండ్ ఆ లిపిని దాదాపు ఉన్నదున్నట్లు గైకొన్నాడు. జానపదం అందరి సొత్తు గదా అని కొందరందురు. కాని ఈ బాణీని సాధారణంగా నెమ్మదియైన కవాతుగా వాయించెడివారు. దానిని ఉరుకులాడే నృత్యంగా మార్చినవాడు స్టెప్. ‘హో-డౌన్’ వినువారిని కూర్చున్నచోట నుండి లేపునది ఆ ఉరుకే.

‘సింపుల్ గిఫ్ట్స్’కు సైతం కర్త ఉన్నాడు. 1848లో మేన్ రాష్ట్రంలో జోసెఫ్ బ్రాకెట్ అను షేకరు కట్టిన పాట అది. ‘జానపదం’ అన్న ఒక్క మాట ఈ ఇద్దరి పేర్లనూ మరుగుపరచినది. (అనువాదకులు ఇట్టి మరుగును తామును అనుభవింతురు, ఒక్కొక్కప్పుడు మూలకర్తకు తామే కలిగింతురు.)

1950, 1952లలో వెలువడిన ‘ఓల్డ్ అమెరికన్ సాంగ్స్’లో కోప్లండ్ పాటలను పాటలుగానే నిలిపి తాను వెనుకకు తొలగినాడు. 1962లో ‘కానొటేషన్స్’తో మరల కఠిన మార్గం పట్టగా శ్రోతలు వెంట రాలేదు. 1990లో ఆయన మరణించినాడు. కచేరీలలో ‘హో-డౌన్’ నేటికీ మ్రోగుచున్నది. స్టెప్ రికార్డు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నది. మొదట స్టెప్‌ను విని, పిదప కోప్లండ్‌ను వినుడు.