పెరుగుపచ్చడిని ‘రైతా’ అంటే పోయేదేమి?

కీరాకాయ ముక్కలు, పెరుగు, ఉప్పు కలిపి, పైన ఇంత కొత్తిమీర చల్లి ‘కీరా రైతా’ అని చూపించే తెలుగు వంట వీడియోలు ఇప్పుడు కొల్లలు. ఎండాకాలం చల్లగానే ఉంటుంది, కాదనను. నా పేచీ ఆ పేరుతోనూ, ఆ పేరు కింద మరుగున పడిపోతా ఉండే పనితనంతోనూ.

హోసూరు, కోలారు దిక్కు, అంటే మన మొరసునాడులో, ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, ఎదురింట్లో అరవం. కన్నడంలో దీన్ని మొసరు బజ్జి అంటారు, అరవంలో తయిర్ పచ్చడి అంటారు. మనోళ్ల నోట ఈ మాటలు వింటే కోస్తా నుంచి వచ్చిన చుట్టాలు నవ్వుతారు. బజ్జి అంటే నూనెలో వేయించేది గదా, పచ్చడంటే రోట్లో నూరేది గదా అని. ఈ నవ్వు నాకు ఒప్పదు. రాయలసీమ వంకాయ బజ్జి ఏ బాణలిలో తేలింది? మెత్తగా మెదిపేదే అది. ఇంక పచ్చడి మాట ‘పచ్చి’కి దగ్గరి చుట్టం. పొయ్యెక్కని కాయను పెరుగులో కలిపితే దాన్ని పచ్చడి అనడంలో తప్పేముంది? కోస్తా ఇళ్లలోనూ పెరుగుపచ్చడి అనే గదా అంటారు! మన తెలుగు చెడిందనే తీర్పు ఇచ్చే ముందు ఇదంతా చూడొద్దా?

కోసంబరి సంగతి ఇంకా తమాషా. కన్నడ దేశంలో శ్రీరామనవమికి పానకంతో పాటు పెట్టే కోసంబరిలో నానిన పెసరపప్పు, దోసకాయ, కొబ్బరి ఉంటాయి, పెరుగు పడదు. షోలాపూర్ తెలుగువాళ్లు చుట్టూ వినే మరాఠీ కోశింబీర్ దాదాపు అదే పేరు, కానీ అందులో పెరుగూ, వేయించిన వేరుశనక్కాయల పొడీ పడతాయి. వీటన్నిటినీ ‘రైతా’ అనేస్తే ఏది ఏదో ఎట్లా తెలిసేది?

‘కీరా’ మాటను మాత్రం నేను తప్పు పట్టను. కోస్తాలో దోసకాయంటే ముందుగా గుర్తొచ్చేది పసుపుపచ్చని కాయ. కోసినాక ముక్క కొరికి చేదు చూడకుండా దాన్ని గిన్నెలో వేయరు. పచ్చని పొడుగు కాయకు వేరే పేరుంటే మంచిదే.

పని దగ్గరికొస్తే, వీడియోలో ఉప్పు ముందే వేసేస్తారు. కాయ నీరొదిలి, అరగంటకంతా పచ్చడి మజ్జిగైపోతుంది. కాయ తురిమి, గట్టిగా పిండి, గడ్డపెరుగులో కలిపి, ఉప్పు వడ్డించే ముందు వేస్తే చిక్కగా నిలుస్తుంది. తిరగమోత చల్లారినాకే పోయాలి, లేకపోతే పెరుగు విరుగుతుంది.

అసలు పోయింది ఆవ. పచ్చి ఆవాలు, పచ్చిమిరపకాయ, కొబ్బరి కలిపి నూరి పెరుగులో కలిపితే ఆ చిక్కదనం వేరు, ముక్కుకెక్కే ఘాటు వేరు. తెలుగులో దాన్ని ‘ఆవ పెట్టడం’ అంటాం. కన్నడంలో ఆ వంట పేరే సాసివె, అంటే ఆవాలు. రైతా అన్న మాటలోని ‘రాయి’ కూడా హిందీలో ఆవాలేనంటారు. మూడు భాషలూ ఆవాల పేరే చెబుతా ఉంటే, ఈ వీడియోల గిన్నెలో ఒక్క ఆవగింజా కనపడదు.

మీ ఇంట్లో ఆవ పెడతారా? పెడితే ఆ వంటను ఏమని పిలుస్తారు? గంజాం దిక్కువాళ్లు, యానాం వాళ్లు ముఖ్యంగా రాయండి.