జాషువ ‘క్రీస్తు చరిత్ర’: నిరీక్షణ, అస్తిత్వం

గుర్రం జాషువ (1895–1971) పేరు చెప్పగానే విమర్శకులు ‘గబ్బిలం’ (1941) దగ్గర ఆగుతారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘క్రీస్తు చరిత్ర’ను మతకావ్యంగా ఎంచి పక్కన పెడతారు. బాగ్ లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి వేదికల మీద కూడా మొదటి కావ్యం ప్రస్తావనే ఎక్కువగా వినబడుతుంది. ఈ విభజన సరికాదనీ, రెండింటినీ కలిపి చదివితేనే జాషువ అస్తిత్వ ప్రశ్న బోధపడుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

‘గబ్బిలం’లో అరుంధతీసుతుడు తన గోడు తానే శివునికి చెప్పుకోలేడు. ఆలయద్వారం అతనికి మూసి ఉంటుంది. అందుకే గుడిలోకి నిరాటంకంగా వెళ్లగల గబ్బిలాన్ని రాయబారిగా పంపుతాడు. కాళిదాసు మేఘసందేశ ఫణితిని కవి ఇలా తిరగవేశాడు: అక్కడ విరహం, ఇక్కడ ఆకలి, అంటరానితనం. అయితే ఇందులో సందేశం కింది నుంచి పైకి పోతుంది. దైవం ఉన్నచోటనే ఉంటుంది. సువార్తల కథలో ఆ దిశ మారుతుంది. దైవమే పశువుల తొట్టిలో పరుండి, వడ్రంగి ఇంట పెరిగి, జాలరులతో కలిసి తిరుగుతుంది. మాటతోనే బాగుచేయగల కుష్ఠురోగిని యేసు చేయి చాపి ముట్టుకున్న ఘట్టాన్ని అంటరానితనం అనుభవించిన పాఠకుడు చదివే తీరు వేరు. అతనికి స్వస్థతకన్న స్పర్శే పెద్ద అద్భుతం. జాషువ క్రీస్తు కథను కావ్యవస్తువుగా స్వీకరించడాన్ని ఈ కోణం నుంచి చూడాలి. ఆయన పేరు కూడా ఇక్కడ గమనార్హం. యేసు, యెహోషువ ఒకే హీబ్రూ నామానికి రెండు రూపాలు.

తెలుగు బైబిలు భాష మరొక ఆధారం. విశ్వాసం, ప్రేమలతోపాటు పౌలు చెప్పిన మూడవ గుణానికి అనువాదకులు ‘ఆశ’ అనక ‘నిరీక్షణ’ అన్నారు. వాడుకలో ఆశకు అత్యాశ నీడ ఉంది. నిరీక్షణ అంటే ఎదురుచూపు. వచ్చేవాడున్నాడన్న నమ్మకం లేనిదే అది నిలవదు. న్యాయాన్ని పరలోకానికి వాయిదా వేసే ప్రమాదమూ ఆ మాటలోనే ఉంది. ‘గబ్బిలం’ కవి ఆ వాయిదాకు ఒప్పుకునేవాడు కాడు. కనుక ‘క్రీస్తు చరిత్ర’ను కేవలం భక్తికావ్యంగా చదవడం ఆయనకు అన్యాయమే.

ప్రజగా లెక్కకు రానివారు దేవుని ప్రజ అయ్యారన్న పేతురు పత్రికలోని భావం ఒంగోలు ప్రాంతపు మాదిగలకు వట్టి వేదాంతం కాదు. యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది పొందారు. దీన్ని కరువుకూటి మతమార్పిడిగా కొట్టిపారేసేవారు, కరువు సాయం సాగినంత కాలం మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు నిలిపివేసిన సంగతి మరుస్తారు.

రాజ్యం ఈ కొత్త అస్తిత్వాన్ని మరోలా లెక్కించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించింది. క్రైస్తవ దళితులకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ-సి వర్గంలో, 1 శాతం రిజర్వేషన్ కింద ఉన్నారు. బైబిలు ఇచ్చిన పేరును బాహాటంగా చెప్పుకుంటే ధ్రువపత్రం మారిపోతుంది. అందుకే ఆ పేరును ఇంటికీ ప్రార్థన మందిరానికీ పరిమితం చేసుకోవలసి వస్తున్న పాఠకులకు, కవిగా దాన్ని ముఖపత్రం మీదే ధరించిన జాషువ ‘క్రీస్తు చరిత్ర’ ఇంకా పాతబడలేదు.